పెంటప్ప కాకా చేసిన రింగు

మా నీలం నగర్‌లో ఇప్పుడు నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. పెంటప్ప కాకాని మళ్లీ కార్ఖానాలోకి తెచ్చింది భరతేనట, ఫోటోలు తీసుకునేవాడైనా మనిషి మంచివాడట. చాయ్ బండి దగ్గర ఈ మాట చెవిన పడితే చాలు, కప్పు అక్కడే పెట్టేసి వచ్చేస్తున్నాను. వాళ్లకు తెలిసింది సగమే. ఆయన్ని అక్కణ్ణించి బయటికి పంపిందీ నేనే. ఆ తర్వాత ఇంకో పని కూడా చేశాను. అది మొదటిదానికంటే పాడు పని. వరసగా చెప్తాను, తిట్టుకోవాలనిపిస్తే ఆఖర్న తిట్టుకోండి.

ముందు ఆయన సంగతి చెప్పాలి. పెంటప్ప కాకా జాబర్. అంటే మగ్గాలు నడిపేవాడు కాదు, అవి నడిచేలా చూసేవాడు. కొత్త డిజైను వచ్చినా, పడుగు మారినా, ఏదైనా విరిగినా ఆయనే రావాలి. ఇరవై నాలుగు మరమగ్గాలు ఒకేసారి మోగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. ఆ మోతలో కాకా గేటు దగ్గర చెప్పులు విప్పుతూనే, పదకొండో మగ్గానికి ఎక్కడో బోల్టు ఒదులైంది చూడండని చెప్పేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే ఒదులై ఉండేది. వాళ్ల నాన్న సిద్దిపేట వైపు నుంచి మూట కట్టుకుని ఈ మరాఠీ ఊరికి వచ్చాడు, కాకా మాత్రం ఇక్కడే పుట్టాడు. పధ్నాలుగో ఏట కండెలు చుట్టే పనిలో చేరి నలభై ఏళ్లు ఒకే తువ్వాళ్ల కార్ఖానాలో గడిపాడు. మనిషి మితభాషి. పని చేసేటప్పుడు నాలిక చివర పళ్ల మధ్య పెట్టుకుంటాడు. ఆ సమయంలో పలకరిస్తే జవాబు రాదు, ఒక చూపు వస్తుంది, అంతే.

ఆ చూపు నేను మూడేళ్లు తిన్నాను. ఇరవై ఏళ్ల వయసులో అదే కార్ఖానాలో నాలుగు మగ్గాలు చూసేవాణ్ణి. పోగు తెగితే ముడి సరిగ్గా వేయనని ఒకసారి అందరి ముందూ చెవి మెలేశాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత కెమెరా పట్టుకుని పెళ్లిళ్లలో పడ్డాను. స్టూడియో తెరిచిన రోజు మొదటి ఫోటో దిగడానికి వచ్చింది మాత్రం ఆయనా, ఆయన భార్య యమునాబాయి కాకీనే. బీడీలు చుట్టే పని ఆపి, చేతుల నిండా తంబాకు వాసనతోనే వచ్చి కూర్చుందావిడ.

ఆ కార్ఖానాలో యజమాని పెద్ద సేఠ్ పెట్టిన ఆనవాయితీ ఒకటుండేది. కొత్త డిజైను మగ్గం ఎక్కినప్పుడు మొదటి తువ్వాలు ఎప్పుడూ సరిగ్గా రాదు. ఒక పోగు తప్పుతుంది, ఒక అంచు బిగుసుకుంటుంది. ఆ ఒక్కదాని మీద అన్నీ సరిచూసుకుంటే రెండోదాన్నించి సరుకు మొదలవుతుంది. ఆ మొదటిదాన్ని పెద్ద సేఠ్ తన చేత్తో కోసి జాబర్ భుజాన వేసేవాడు. "తప్పులన్ని నీకు పెంటప్పా, సరుకంత నాకు" అని నవ్వేవాడు. అందుకే కాకా ఇంట్లో ఏ రెండు తువ్వాళ్లూ ఒకలా ఉండవు. యమునాబాయి కాకీకి వాటిని చూస్తే ఎంత గర్వమో. ఉతికి మేడ మీద వీధికి కనబడేలా బారుగా ఆరేసేది.

పెద్ద సేఠ్ పోయి నాలుగేళ్లయింది. కొడుకు విశాల్ సేఠ్ నా వయసువాడు, చదువుకున్నవాడు, చెడ్డవాడేం కాదు. కానీ తండ్రి భుజాన వేసే ఆ మొదటి తువ్వాలు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కాకా ఎప్పటిలాగే మొదటి ముక్క కోసుకుని టిఫిన్ సంచిలో పెట్టుకుని వెళ్లేవాడు. దాచలేదు. అడగనూ లేదు. అడగాల్సిన పని అని ఆయనకు తోచలేదు.

ఇక నా పైత్యానికి వస్తాను. విశాల్ సేఠ్ పక్షుల పిచ్చిలో పడి పెద్ద దుర్భిణి ఒకటి కొన్నాడు. స్టాండు మీద పెట్టి ఒక కన్నుతో చూసే రకం, కిలోమీటరు అవతల కొంగ ముక్కు మీద మట్టి కూడా కనబడుతుంది. నా దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. దాని లెన్సు తీసేసి దుర్భిణికి తగిలిస్తే దుర్భిణే లెన్సు అవుతుంది, చెరువులో రాజహంసల్ని ఒడ్డునే నిలబడి తీయొచ్చని నేనే సేఠ్‌కి ఎక్కించాను. నాకూ ఆశే. పెళ్లికొడుకుల్ని తీసి తీసి విసుగెత్తి ఉన్నాను. అతను సరేనన్నాడు, పనిలో పనిగా తన తువ్వాళ్ల కేటలాగ్ ఫోటోలు కూడా నన్నే తీయమన్నాడు.

కెమెరా వైపు బిగించే రింగు పోస్టులో వచ్చింది, చక్కగా సరిపోయింది. రెండో వైపు, అంటే దుర్భిణిలో కన్ను పెట్టే అద్దం తీసి ఆ చోట దూర్చే గొట్టం, అగ్గిపుల్ల మందం ఒదులు. కెమెరా బరువుకి వేలాడిపోయేది. ఫోటోలో ఒక పక్క తేటగా, రెండో పక్క పాలు విరిగినట్టుగా వచ్చేది. టేపు చుట్టాను, కాగితం దోపాను, దేన్నీ వదల్లేదు. ఆఖరికి కెమెరా, దుర్భిణి రెండూ సంచిలో వేసుకుని కాకా దగ్గరికి వెళ్లాను.

ఆయన గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొంచెం ఊపి విన్నాడు. తర్వాత వేలు లోపల పెట్టి తిప్పాడు.

"ఏంది భరత్, గిట్ల ఆడుతుంటే ఎట్ల నడుస్తది? గిదంటె రెండు షాఫ్టుల నడుమ కప్లింగ్. నడిమి బరోబర్ రావాలె, లేకుంటె అంత వంకరనే."

"బజార్ల గిదే దొరికింది కాకా."

"బజార్ల దొరికేది బజారు మందికి. ఇడ్సిపెట్టు, ఆదివారం రా."

ఆదివారం ఆయన కొంతం చౌక్ దగ్గర లేతు మిషన్ వాడి పక్కన నాలిక పళ్ల మధ్య పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాడు. మగ్గంలో అరిగిపోయిన నైలాన్ బుష్ గొట్టం ఒకటి తెచ్చి దాన్నే తరిపించాడు. వెంట్రుక వాసి తేడా ఉందని రెండుసార్లు వెనక్కిచ్చాడు. లోపలి గోడ తళతళలాడితే బొమ్మ మీద వెలుగు మరక పడుతుందని నేనంటే, నల్ల నూలు సన్నగా కత్తిరించి జిగురుతో లోపలంతా అంటించాడు. కెమెరా బరువుకి వెనక్కి ఒరగకుండా కింద ఇనుప పట్టీ ఆసరా కూడా పెట్టాడు. రింగు దూర్చి తిప్పితే గాలి బయటికి పోయిన చప్పుడు మెత్తగా వచ్చింది. కాకా ఆ చప్పుడు విని తృప్తిగా తల ఊపాడు. ఏమీ పుచ్చుకోలేదు. హంస ఫోటో ఒకటి కాకీకి చూపించమన్నాడు.

మర్నాడు సోమవారం. ఫిబ్రవరి నెల. ఎండ ముదిరితే గాలి వేడెక్కి దూరపు బొమ్మ నీళ్లలోలా కదులుతుందని పొద్దున్నే సేఠ్ ఇంటి మూడో అంతస్తు పైకి ఎక్కాను. కెమెరా కాసేపు మొరాయించింది, లెన్సే లేదు నేను నొక్కనని. లోపల ఎక్కడో ఉన్న సెట్టింగు వెతికి దాన్ని ఒప్పించాను. తర్వాత దుర్భిణి చక్రం తిప్పుతూ ఊరంతా వెతికాను, దేని మీద పెట్టి చూడాలా అని.

పక్షుల ఫోటోలు తీసేవాడెవడైనా పావురాన్ని చూస్తాడు, నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు చూస్తాడు. నేను సాలోళ్ల పిల్లవాణ్ణి. బొమ్మ తేటగా ఉందో లేదో నాకు తెలియాలంటే బట్ట కావాలి, పోగులు లెక్కకు రావాలి. అర కిలోమీటరు అవతల ఒక మేడ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. వాటిలో కొత్తగా కనబడినదాని మీద పెట్టాను. తెర మీద పెద్దది చేసి చక్రాన్ని చీమ నడిచినట్టు తిప్పాను. చెయ్యి తగిలితే కదులుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టి దూరంగా నిలబడ్డాను. క్లిక్కుమంది. చూసుకుంటే ఒళ్లు పులకరించింది. తువ్వాలు మీద లేచిన నూలు ఉంగరాలు ఒక్కొక్కటీ విడిగా ఉన్నాయి. అంచున దానిమ్మ మొగ్గల వరస. మూడో మొగ్గలో ఒక పోగు తప్పింది, అది కూడా కనబడుతోంది.

విశాల్ సేఠ్ చాయ్ కప్పుతో పైకి వచ్చాడు. నేను ఊరుకోవచ్చుగా? గొప్పలకు పోయాను.

"సేఠ్, జర చూడు. ఎంత దూరమో చెప్పు. పోగు తప్పింది గూడ దొరుకుతది."

అతను వంగి చూశాడు. ఇంకా పెద్దది చేయమన్నాడు, చేశాను. కప్పు పిట్టగోడ మీద పెట్టేశాడు.

"ఈ మాడీ ఎవలది భరత్?"

"పెంటప్ప కాకాది" అన్నాను. ఒక్క క్షణం ఆగలేదు. ఇంత దూరం నుంచి మేడ కూడా గుర్తుపట్టగలనని చూపించుకోవాలి కదా నాకు.

అప్పుడు చెప్పాడు సేఠ్. దానిమ్మ మొగ్గల డిజైను ముంబై ఖరీదుదారు కోసం చేసింది. ఒక్క ముక్క బయటికి పోకూడదని మాట ఇచ్చాడు. ఇంకా లారీ ఎక్కకముందే అదే డిజైను వేరే ఎవరిదో సరుకుగా బజార్లోకి వచ్చేసింది, ఆ ముంబైవాడు సంబంధం తెంచుకున్నాడు. లోపలి దొంగ ఎవరా అని పది రోజులుగా సేఠ్ నిద్ర లేకుండా వెతుకుతున్నాడు.

అది మొదటి తువ్వాలని నాకు చూడగానే తెలుసు, ఆ తప్పిన పోగే చెప్తోంది. ఆ మాట అప్పుడే అనాల్సింది.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో ముగ్గురమే ఉన్నాం. సేఠ్ కెమెరా తెర కాకా ముందు పెట్టాడు. కాకా కళ్లు చిట్లించి చూశాడు. మొహం విప్పారింది.

"మంచిగొచ్చింది భరత్. రింగు బరోబర్ కూసుంది."

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఆయన చూసింది రింగు పనితనం, తువ్వాలు కాదు.

"కాకా, ఈ తువాల నీ మాడీ మీదికి ఎట్ల పోయింది?" అన్నాడు సేఠ్.

కాకాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మొదటిది గద సేఠ్. పెద్ద సేఠ్ ఇచ్చెటోడు."

"నాయన పోయి నాలుగేండ్లాయె. ఇప్పుడెవలు ఇచ్చిండ్రు?"

"ఎవలియ్యలే. నేనే కోసుకున్న."

అని నావైపు చూశాడు. నేను ఆ కార్ఖానాలో మూడేళ్లు పనిచేసినవాణ్ణి, ఆనవాయితీ ఎరిగినవాణ్ణి. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ఒక దసరా నాడు మగ్గాల పూజకు ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు, పెద్ద సేఠ్ కాకా భుజాన మొదటి తువ్వాలు వేస్తుండగా తీసిన ఫోటో నా స్టూడియో కంప్యూటర్లో ఉంది. ఆ గదిలో అది నాకు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్తే అబద్ధం. కానీ సేఠ్ మొహం ఎర్రగా ఉంది, కేటలాగ్ పని చేతిలో ఉంది, ఆదివారం హంసల దగ్గరికి వెళ్లాలి. నోరు పడిపోయిందని చెప్పుకోవచ్చు. పడిపోలేదు, మూసుకున్నాను. కెమెరా బెల్టు సర్దుకుంటూ నిలబడ్డాను.

సేఠ్ అరవలేదు. "నాయన మొహం చూసి ఎవలకు చెప్ప. రేపటి సంది రాకు కాకా" అన్నాడు. కాకా తలుపు దాకా వెళ్లి, టిఫిన్ సంచి కోసం తిరిగొచ్చి, తీసుకుని వెళ్లిపోయాడు.

కళ్లు ఆనడం లేదు, పోగు దొరకడం లేదు, అందుకే మానేశానని కాకా అందరికీ చెప్పాడు. కార్ఖానాలో నమ్మారు, ఇంట్లోనూ నమ్మారు. మేం ఆదివారం చెరువుకి వెళ్లాం. హంస బ్రహ్మాండంగా వచ్చింది. సేఠ్ దాన్ని పెద్దది చేయించి ఆఫీసు గదిలో తగిలించాడు. నేను కాకీకి చూపించలేదు. ఆ రోజు నుంచి వాళ్ల గల్లీలోంచి పోవడమే మానేశాను. దగ్గరి దారి వదిలి చుట్టు తిరిగి స్టూడియోకి వెళ్లేవాణ్ణి, ఎనిమిది నెలలు.

అక్టోబర్లో యమునాబాయి కాకీయే స్టూడియోకి వచ్చింది. బీడీ కార్మికుల కార్డుకి ఫోటో కావాలంది. ఫోటో దిగాక కుర్చీలోంచి లేవలేదు.

"ఏం భరత్, ఇంటి మొహమే చూస్తలేవు. ఒక మాట చెప్త, నువ్వన్న విను. మీ కాకాను జర కండ్ల దవాఖానకు తోలుకపో. నేను చెప్తే నకో అంటడు. సూదిల దారం గూడ నేనే ఎక్కిచ్చియ్యవడ్తి. బస్సు మీది బోర్డు నేనే సదివి చెప్తున్న. దారి మీద చెయ్యి పట్టుకోని నడిపిస్త. నలబై ఏండ్లు పోగు చూసి చూసి కండ్లు పోగొట్టుకున్నడు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వెంట్రుక వాసి తేడా పట్టిన కళ్లవి. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఆ మనిషి రోజూ ఇంట్లో గుడ్డివాడిలా తడుముకుంటున్నాడన్నమాట. ఇదంతా నా చేతులారా జరిగింది.

ఆవిడ వెళ్లగానే పాత ఫోటో ప్రింటు తీసి సేఠ్ దగ్గరికి వెళ్లి బల్ల మీద పెట్టాను. తండ్రి నవ్వుతూ కాకా భుజాన తువ్వాలు వేస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. డిజైను బయటికి పోయింది కంప్యూటర్లో బొమ్మలు గీసేవాడి ఫోన్ నుంచని అతనికి నెలకే తెలిసిందట. కాకాని ఏ మొహంతో పిలవాలో తెలియక ఊరుకున్నాడట.

"గీ ఫోటో నీ దగ్గర అప్పుడే ఉండె గద. ఆ దినమే ఎందుకు చెప్పలే?" అన్నాడు.

వెనకాల గోడ మీద నా హంస ఉంది. అతనే మళ్లీ అన్నాడు, "సోమారం సంది పనికి రమ్మంట. తప్పు నాదని నేనే చెప్త. ఎల్లుండి ఇంటికి వస్త."

ఎల్లుండి దాకా ఆగితే బావుండేది. నేను ఆగలేదు. ఎనిమిది నెలల బరువు దిగిపోయినట్టు ఒకటే ఆత్రం. బండి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా వాళ్లింట్లోకి దూసుకుపోయాను. కాకా చాప మీద కూర్చుని ఉన్నాడు. కాకీ చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కాకా, సేఠ్ రమ్మంటున్నడు. తప్పు తనదేనంటున్నడు. నువ్వు దొంగవు కాదని తేలింది."

కాకా చెయ్యి పైకెత్తాడు, ఆగమన్నట్టు. అప్పటికే నోట్లోంచి వచ్చేసింది. కాకీ చేతిలో బీడీ ఆగిపోయింది.

"దొంగ ఎవలు?"

ఆవిడ నన్ను చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"కండ్లు మంచిగనే ఉన్నయా నీకు?"

కాకా తల ఊపాడు. ఆవిడ మొహంలో ముందు సంతోషమే వచ్చింది. నేను చూశాను, ఒక్క క్షణం వచ్చింది. తర్వాత మెల్లగా పోయింది.

"మరెందుకు చెప్పలే నాకు?"

"చెప్తే ఆ తువాలలు ముట్టవని" అన్నాడు కాకా. నేను చెప్పాల్సిందంతా అప్పుడు చెప్పాను, మేడ ఎవరిదో చూపించింది నేనేనని, ఫోటో దగ్గరుండి నోరు మూసుకున్నానని. కాకా వినలేదో, వినదల్చుకోలేదో. ఆయనకు నా సంగతి ముందే తెలుసు. రింగు చేసినవాడికి ఆ ఫోటో ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన నా దగ్గర అడిగింది ఒక్కటే, ఆ ఇంట్లో దొంగ అన్న మాట పడకుండా ఉండటం. అది కూడా అడగకుండానే అడిగాడు, చెయ్యి ఎత్తి.

సోమవారం కాకా పనికి వెళ్లాడు. సేఠ్ గేటు దాకా వచ్చి తీసుకెళ్లాడు, కాళ్లకు దండం పెట్టాడు. అందరూ చూశారు, అందరూ నన్ను మెచ్చుకున్నారు. కొత్త డిజైను ఎక్కినప్పుడు మొదటి తువ్వాలు సేఠ్ తనే కోసి భుజాన వేస్తున్నాడు. కాకా దాన్ని తెచ్చి ఇంట్లో పెడుతున్నాడు.

మొన్న నేను వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోంచి లోపలికి వంగి దూరాల్సి వచ్చింది. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తాడు కట్టి ఉంది, తడి తువ్వాళ్లు బారుగా వేలాడుతున్నాయి, మీద ఫ్యాను తిరుగుతోంది. బయట ఎండ మండిపోతోంది. మేడ మీది తీగ ఖాళీగా ఉంది.

"కాకీ, లోపల ఆరేసినవేంది?" అన్నాను.

ఆవిడకు నా మీద కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది. బీడీకి దారం చుడుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"బయటేస్తే ఎవలన్న సూస్తరు బిడ్డా."